అలిగిన ఇల్లాలి రాయి

"ఆ గైడు తన పెళ్ళాన్ని గుహలో కూర్చోబెట్టి లోకానికంతా చూపించాడొదినా" అందట పక్కింటి టైలరమ్మ. ఆ మాట ముందు ఎదురింట్లో అంది, ఎదురింటావిడ కూరల కొట్లో అంది, అక్కణ్ణుంచి లాండ్రీకి చేరేసరికి దానికి కాళ్ళూ చేతులూ మొలిచాయి. ఇస్త్రీబల్ల దగ్గర చొక్కా కాలరు నొక్కుతున్న గైడు పెళ్ళాం చెవిన పడిందేమిటంటే, గుహలో 'అలిగిన ఇల్లాలు' అనే రాయి ఒకటుందనీ, మూతి ముడుచుకుని కూర్చుంటుందనీ, అది అచ్చం తనేననీ, దాన్ని చూపించి తన మొగుడు ఇన్నేళ్ళూ జనాన్ని నవ్వించాడనీ. చొక్కా కాలరు మాడింది.

ఆయన్నే అడగొచ్చు. అడిగితే పలకాలిగా! ఇక గుహకి గైడు అక్కర్లేదు, ఎవరికి వాళ్ళే చెవికి యంత్రం తగిలించుకుని తిరుగుతారని ఆఫీసువాళ్ళు పంపించేశాక, ఆయన కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని వీధివైపు తిరిగాడు. "తింటావా?" అంటే "ఊఁ". "ఏం వండను?" అన్నా "ఊఁ". పంపించేముందు ఆయన చెప్పేదంతా ఆయన గొంతుతోనే ఆ యంత్రంలోకి ఎక్కించుకున్నారు. రసం పిండుకుని పిప్పిని ఇంటికి తోలినట్టు.

ఇన్నేళ్ళ కాపురంలో ఆమె ఆ గుహ మొహం చూడలేదు. వంటవాడి పెళ్ళాం హోటలుకెళ్ళి తింటుందా? సెలవు రోజున టికెట్టు కొనుక్కుని వెళ్ళింది. తన బతుకుని నవ్వులాటకి పెట్టాడా లేదా, ఆ ఒక్కటీ తేలాలి.

"రండి, తల కాస్త వంచండి" అంది చెవిలో గొంతు.

ఆమె వంచింది. వంచాక గుర్తుపట్టింది. కొత్త కాపురంలో దీపం ఆర్పాక కబుర్లు చెప్పిన గొంతు అది. ఎక్కడికి పోయిందో అనుకుంటే ఇక్కడ, ఈ చల్లటి చీకట్లో దాక్కుని ఉంది. ఆమె నడుస్తుంటే పక్కనే నడిచింది. ఎప్పుడో యుద్ధానికి జడిసి జనం ఇక్కడ తలదాచుకున్నారంది. పైన ఆ నలుపు వాళ్ళ పొయ్యిల పొగంది. పిండి రుబ్బిన చోట రాయి గుంటపడింది, చెయ్యి పెట్టి చూడండంది. పెడితే గుంట అరచేతికి సరిపోయింది. ఎవరో ఇప్పుడే రుబ్బి లేచి వెళ్ళినట్టుంది. గోడలు పాలమీగడలా ముడతలు పడి మెరుస్తున్నాయి. ఎక్కడో నీటిచుక్క పడుతోంది, తాపీగా, నిద్రలో ఊపిరిలా.

"మెట్టు జారుతుంది, చెయ్యి పట్టుకోండి."

ఆమె చెయ్యి చాపింది. తడి ఇనప కమ్మీ తగిలింది. "నీ చెయ్యేదయ్యా?" అంది పైకే. ముందు వెళ్తున్న అమ్మాయి వెనక్కి తిరిగి చూసి, నవ్వాపుకుంది.

మలుపు తిరిగితే రాయి. బోర్డు చదవకుండానే తెలిసింది. యంత్రం బొత్తం నొక్కింది.

"ఇదిగో, అలిగిన ఇల్లాలు. అందరూ ఈవిణ్ణి చూసి నవ్వుతారు. నవ్వడం అయ్యాక పైకి చూడండి. ఆ వేలాడే రాయి ఈవిడ మొగుడు. నచ్చజెప్పుకుందామని బొట్టు బొట్టుగా దిగుతున్నాడు. ఇంకా జానెడు దూరముంది. ఎన్ని యుగాలు పడుతుందో. అయినా ఈవిడ లేచి వెళ్ళిపోలేదు, చూశారా? మా ఇంటావిడా అంతే. నేనెంత వాగినా, ఎంత ఆలస్యంగా వెళ్ళినా, తలుపు గడియ వెయ్యదు."

ఆ తర్వాత గొంతు ఆగింది. చుక్క పడింది. మనిషి కదలకపోతే ఆరిపోయే దీపాలవి, ఆరిపోయాయి. చీకట్లో ఆమెకి తన కాళ్ళే కనిపించలేదు. గుహే తనని వొళ్ళో పెట్టుకుని ఊపుతున్నట్టుంది.

"నేనిక్కడే ఉన్నానయ్యా" అంది.

కళ్ళు తుడుచుకోడానికి చెయ్యెత్తితే దీపాలు వెలిగాయి. మళ్ళీ నొక్కింది, మళ్ళీ చెప్పించుకుంది. అలా వింటూ వింటూ రాతి చుట్టూ తిరిగి, అవతలివైపు నుంచి చూసి ఆగిపోయింది. గూనిపడ్డ వీపు, జారిన భుజాలు, గోడకేసి వంచిన తల. ఈ వీపుని రోజూ కిటికీ దగ్గర చూస్తూనే ఉంది.

ఇల్లు చేరేసరికి టైలరమ్మ పిట్టగోడ మీదికి వాలి సిద్ధంగా ఉంది. "ఏం వదినా, నీ రాయిని చూసొచ్చావా? మూతి కుదిరిందా?"

కిటికీ దగ్గర కుర్చీ కిర్రుమంది. వీధికేసే చూస్తూ, "ఎలా ఉంది?" అన్నాడాయన. "ఊఁ" కాని మాట విని ఎన్నాళ్ళయిందో.

ఆమె చెప్పులు విడిచి, సంచీ గోడకి తగిలించింది.

"నీలాగే ఉందయ్యా. నోరు గుహలో వదిలేసి, వీపొక్కటే ఇంటికి తెచ్చుకున్నావు."