బొల్లి మొక్క

మా ఆయన పోయాక ఆ ఇంట్లో నేను, మా అత్తగారు, కిటికీ పక్కన కుండీలో ఆయన మొక్క మిగిలాం.

దానికేదో నోరు తిరగని పేరుంది. చాటంతేసి ఆకులు, సగం తెలుపు, సగం ఆకుపచ్చ. అత్తగారు దాన్ని బొల్లి మొక్క అనేది. తెల్లభాగానికి వంట రాదని, ఆకుపచ్చభాగం వండిపెడితే తిని కూర్చుంటుందని మా ఆయన చెప్పేవాడు. "తెలుపు నేను, ఆకుపచ్చ మీరిద్దరూ" అని నవ్వేవాడు. ఎప్పుడైనా ఆకు మొత్తం తెల్లగా వస్తే మాత్రం, ఎంత అందంగా ఉన్నా, ఆ కొమ్మ కత్తిరించేసేవాడు. ఇలాంటివే వస్తే ఇక దీనికి తిండి పెట్టేదెవరు అనేవాడు.

ఆయన గుండె పట్టుకుని కూర్చున్న మధ్యాహ్నం అత్తగారు నాడి చూసి, "ఏం కాదమ్మా, గ్యాస్ అంతే" అంది. ఆసుపత్రిలో నర్సుగా పనిచేసి రిటైరయిన మనిషి. నేను నమ్మాను. సాయంత్రానికి ఆయన లేడు. ఆవిడకి తెలియకపోవడమేమిటని వచ్చినవాళ్ళందరి ముందూ నేనన్నాను. పక్కనే ఉన్న పెళ్ళానికి కళ్ళు లేవా అని ఆవిడంది. అప్పటినుంచీ ఎడమొహం పెడమొహమే. గ్యాస్ అయిపోయిందనో, పాలు విరిగాయనో ఆవిడ టీవీకి చెబితే, నేను ఫ్రిజ్‌కి జవాబు చెప్పేదాన్ని.

మొక్క సంగతి ఇద్దరం ఎత్తలేదు. ఆవిడ దాన్ని పట్టించుకోదని నా నమ్మకం. కళ్ళజోళ్ళ షాపులో పనికి వెళ్ళేముందు రోజూ ఒక మగ్గు నీళ్ళు పోసేదాన్ని. కొన్నాళ్ళకి ఆకులు వాలిపోయి, తెల్లటిచోట గోధుమరంగు మచ్చలు లేచాయి. మట్టి తడిగా ఉందే అని ఒకసారి అనుమానం రాకపోలేదు. నేను పోసిన నీళ్ళేగా అనుకుని ఇంకాస్త పోశాను. మనిషి వాడిపోతుంటే చూస్తూ కూర్చున్నాను, మొక్క దగ్గర కూడా అలా కూర్చోదల్చుకోలేదు.

ఒకరోజు షాపులో కరెంటు పోయి త్వరగా పంపేశారు. నా తాళంచెవితో తలుపు తీసి లోపలికొచ్చేసరికి అత్తగారు కుండీ దగ్గర వంగి మగ్గుతో నీళ్ళు పోస్తోంది. నేనొచ్చింది చూడలేదు.

"తాగు నాన్నా" అంటోంది. "నీ పెళ్ళాం నీకు చుక్క నీళ్ళు పొయ్యదు."

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ మంటలోనే అర్థమైంది.

"పొద్దున్నే పోశాను" అన్నాను. "రోజూ పోస్తున్నాను."

ఆవిడ చెయ్యి ఆగిపోయింది. తను కూడా రోజూ మధ్యాహ్నం పోస్తున్నానని, నేను వెళ్ళేదాకా ఆగి పోస్తున్నానని చెప్పింది. ఇన్ని నెలల్లో ఆవిడ నా మొహం చూసి మాట్లాడటం అదే మొదలు.

ఇద్దరం కలిసి కుండీ పక్కకి వంచి మొక్కని లాగాం. వేళ్ళు నల్లగా కుళ్ళి, పట్టుకుంటే చేతికి జారిపోతున్నాయి, ఒకటే కంపు. ఆవిడ పాత పెట్టెలోంచి బ్లేడు తెచ్చి, మరిగించిన నీళ్ళలో ముంచి, కాండాన్ని కిందనుంచి కోసుకుంటూ వచ్చింది. ఎక్కడ కోసినా లోపల గోధుమరంగే. కోసి కోసి, చివరికి పైకొసన జానెడు ముక్క మంచిది దొరికింది. దానికి ఒకటే ఆకు, ఆయన పోయాక విచ్చుకున్నది. పాలలా తెల్లగా ఉంది, ఎక్కడా పచ్చదనం లేదు. ఆయనుంటే ఉంచేవాడు కాదు. మా ఇద్దరిలో ఎవరికీ దాన్ని కత్తిరించడానికి చేతులు రాలేదు.

దాన్ని గాజుగ్లాసులో నీళ్ళుపోసి కిటికీలో పెట్టాం. అత్తగారు చేతులు కడుక్కుని వచ్చి నా పక్కన నిలబడింది.

"బతుకుతుందా అమ్మాయ్?" అంది.

ఆవిడకి తెలుసు. ఆ వంట సంగతి ఆయన మా ఇద్దరికీ కలిపే చెప్పాడు. అయినా నా నోటివెంట వినాలని నిలబడింది.

"ఏం కాదత్తయ్యా" అన్నాను. "వేళ్ళొస్తాయి, అంతే."

అన్నాక నా గొంతు నాకే వినపడింది. ఆ మధ్యాహ్నం ఆవిడ ఆయన నాడి వదిలేసి నాతో మాట్లాడింది సరిగ్గా ఈ గొంతుతోనే. ఆవిడకీ వినపడినట్టుంది, నా మొహంలోకి చూడలేదు. క్షమించానని చెప్పను, క్షమించలేదు. గ్లాసులో నీళ్ళు మాత్రం మర్నాటినుంచి ఒకరికొకరు చెప్పుకునే మారుస్తున్నాం.