పెరట్లో దొరికిన చెయ్యి

పలుగు తగిలి పైకొచ్చింది చెయ్యి. ఐదు వేళ్ల ఎముకలూ మణికట్టు దాకా ఉన్నాయి. గోళ్లు మాత్రం లేవు. కోడలు పలుగు వదిలేసి వెనక్కి పడింది. నేను కెవ్వుమన్నాను.

"అరవకండి అత్తయ్యా! పక్కింటావిడ చెవి ఎప్పుడూ గోడకే ఉంటుంది," అంది కోడలు, మా పెద్దాడి భార్య.

వంటింటి వెనక మురుగు కాలువ పూడిపోయి కంపు కొడుతుంటే మేమిద్దరమే తవ్వడం మొదలుపెట్టాం. "దాని జోలికెళ్లకండి, నేను చూస్తాలే," అని పెద్దాడు ఎప్పటినుంచో దాటేస్తున్నాడు. బద్ధకం అనుకున్నాను. ఇప్పుడా మాటే గుర్తొచ్చింది. వానలకు ముందు అన్నదమ్ములిద్దరూ ఈ పెరట్లోనే కలబడ్డారు. మర్నాడు చూస్తే చిన్నాడు లేడు. "ఎటో పోయుంటాడు, పీడ విరగడైంది," అన్నాడు పెద్దాడు. చిన్నాడి ఫోను ఆనాటి నుంచీ మోగడం లేదు.

నాకున్నది ఇద్దరే కొడుకులు. ఆ చెయ్యి చిన్నాడిదైతే ఇద్దరూ పోయినట్టే.

మట్టి కప్పేద్దామన్నాను. కోడలు బదులు చెప్పేలోపే గోడ మీద పక్కింటావిడ తల లేచింది. ఆవిడ కబురుతో పోలీసులొచ్చారు, అన్నదమ్ముల గొడవ సంగతీ ఆవిడే వాళ్లకు చెప్పింది. పెద్దాణ్ణి పని దగ్గర్నుంచే స్టేషనుకు తీసుకుపోయారు, మేమిద్దరం వెనకే వెళ్లాం.

"ఆ చెమటలేంటి బాబూ? గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టుందే!" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

వాడు నా వంక చూశాడు. నేను చూపు తిప్పుకున్నాను.

ఆసుపత్రి డాక్టరుకు ఎముకల్లో ఏదో తేడాగా తోచి, కాలేజీలో జంతుశాస్త్రం చెప్పే మేడమ్‌ని పిలిపించాడు. ఆవిడ స్టేషను బల్ల మీద కాగితం పరిచి ఎముకలు ఒక్కొక్కటే పేర్చింది.

"ఇందులో బొటనవేలు ఏది?" అని ఇన్‌స్పెక్టర్ని అడిగింది.

అతను అన్నిటికన్నా లావుగా ఉన్నదాన్ని చూపించాడు.

"అది చిటికెన వేలు. దీనికి బయటి వేలే లావు. మణికట్టులో మనకు విడిగా ఉండే రెండు ఎముకలు దీనికి కలిసిపోయి ఒకటయ్యాయి. ఇది ఎలుగుబంటి ముందుకాలు."

"అచ్చం మనిషి చెయ్యిలా ఉంది కదండీ!"

"ఉంటుంది మరి. మనకూ దానికీ ఎప్పుడో ఒకే పూర్వీకులు. ఈ ఐదు వేళ్ల కట్టుబడి గబ్బిలం రెక్కలోనూ ఉంది. ఎవరి బతుకుతెరువును బట్టి వాళ్లకు కోట్ల ఏళ్లలో మారుతూ వచ్చింది. దీని చర్మం ఎవరో ఒలిచారు, గోళ్లు దాంతోపాటే ఊడొచ్చాయి. అందుకే పోల్చుకోలేకపోయారు."

పోలీసులు వాకబు చేస్తే తెలిసింది, మాకు ముందు ఆ ఇంట్లో జంతువుల చర్మాలు ఒలిచి, గడ్డి కూరి బొమ్మలు చేసే ముసలాయన అద్దెకుండేవాడట.

"అయితే మన చుట్టమే దొరికాడన్నమాట," అని ఇన్‌స్పెక్టరు నవ్వి పెద్దాణ్ణి వదిలేశాడు.

బయటికొచ్చాక వాడు ఆగాడు. "నువ్వు కూడా అనుకున్నావా అమ్మా?"

నేను చెంగుతో కళ్లు ఒత్తుకున్నాను.

వాడు తల పంకించి, ఇంటివైపు కాకుండా బస్టాండు వైపు తిరిగాడు.

"ఎక్కడికిరా?"

"వాణ్ణి తెచ్చి నీ ముందు నిలబెట్టేదాకా ఆ ఇంట్లో నాకు ముద్ద దిగదు."

కోడలు వాడి వెనకే పరిగెత్తింది. నేను స్టేషను మెట్ల మీద కూలబడ్డాను. చిన్నాడు ఎక్కడున్నాడో ఆ ఎముకలు చెప్పలేదు. వాడు దొరక్కపోతే, పెద్దాడూ ఇక గడప తొక్కడు.