చివరి చరణం దాకా

నా కొట్లో నవ్వకూడదు. తింటూ, తాగుతూ ఎంతైనా పగలబడి నవ్వుకోండి, నాకేం? ఒకడి చేతిలో మైకు ఉన్నంతసేపు మాత్రం పళ్ళు బయటపెట్టకూడదు. ఇక పాటను మధ్యలో ఆపడమంటారా, నవోతాస్ చేపల రేవులో పుట్టినవాడికెవడికీ అది విడమరిచి చెప్పాల్సిన పనిలేదు. పాట ఆపితే పొడుస్తారు. నా తమ్ముడు దెల్ఫిన్ పొడిచాడు. వాడు పొడిచిన మనిషి ఆస్పత్రికి చేరేలోపే పోయాడు.

అందుకే మైకు పట్టి పాడుకునే పాటల మెషిన్ కింద ఒక నీలం బకెట్ పెట్టాను. రాత్రంతా రేవులో ఐసు దిమ్మెలు పగలగొట్టి, చేపల పెట్టెలు మోసి, పొద్దున తొమ్మిదింటికి కూలీలు నా దగ్గరికొస్తారు. చాకులూ, ఐసు పొడిచే ఇనప సూదులూ బకెట్లో పడ్డాకే జిన్ను సీసా మూత తీస్తాను. "పురింగక్కా, మేం తాగడానికొచ్చామా, లాకప్పుకొచ్చామా?" అని గొణుగుతారు. గొణుక్కోనీ.

ఈ ఏడు రేవంతా ఒక్క పాట పట్టుకుని ఏడుస్తోంది. ఫోనెత్తడం మానేసిన పిల్లకి ఒకడు రోజూ ఫోన్ చేసి, అది మోగుతున్నంతసేపూ తనలో తాను మాట్లాడుకుంటాడు. మొదటి చరణానికే ముక్కులు చీదడం మొదలవుతుంది. రెండో చరణానికి ఎద్దులాంటి కూలీ బెన్‌హుర్ కూడా తలకు చుట్టుకున్న తువ్వాలు విప్పి మొహం మీదికి లాక్కుంటాడు. చివరి చరణంలో "తప్పు నాదే, ఎత్తకపోయినా సరే, వింటే చాలు" అని ఉంటుంది. ఆ మాట వచ్చేసరికి నేను వంటింట్లోకెళ్ళి ఉల్లిపాయలు కోస్తాను. ఎవడైనా అడిగితే చెప్పుకోవడానికి ఉంటుందని.

జైలు నుంచి వచ్చాక దెల్ఫిన్ ఆ పాట వారం రోజులు నేర్చుకున్నాడు. చేపల పొలుసు గీకుతూ పాడాడు, గిన్నెలు తోముతూ పాడాడు. ప్రేమికుల పాటే అయినా వాడు పాడేది కూతురి కోసం. తప్పు నాదే అని నోటితో మామూలుగా చెప్పడం వాడికి చేతకాదు. ఆ మాటకొస్తే మా ఇంట్లో ఎవరికీ చేతకాదు. పాటలో అయితే చెప్పగలనన్నాడు.

కూతురి పేరు జైరా. వాడు జైలుకెళ్ళినప్పుడు దానికి ఎనిమిదేళ్ళు, ఇప్పుడు పద్దెనిమిది. అమ్మమ్మ దగ్గర పెరిగింది. పోలీసు ఉద్యోగానికి చదువుతోంది. పరీక్షలో చీటీ పెట్టిందని సొంత స్నేహితురాలినే పట్టించిన పిల్ల. వాళ్ళ నాన్నను నాన్న అనదు, "ఆయన" అంటుంది. నేను కాళ్ళావేళ్ళా పడితే ఆదివారం వస్తానంది. "ఒక్క పాట, అత్తా. అయిపోగానే వెళ్ళిపోతా."

దెల్ఫిన్ మీద ఇంకా ఆరేళ్ళ శిక్ష ఉంది. షరతు మీద వదిలారు. ఎవడి మీదైనా చెయ్యెత్తాడా, ఆ ఆరేళ్ళూ లోపలే. ఇది రేవులో అందరికీ తెలుసు. ఐసు లారీ నడిపే ఎల్మోకి ఇంకా బాగా తెలుసు, అందుకే వాడికంత పొగరు.

ఆదివారం జైరా వచ్చి కౌంటరు పక్కన కూర్చుంది. నేను పెట్టిన గంజన్నం ముట్టుకోలేదు. దెల్ఫిన్ ఇస్త్రీ చొక్కా వేసుకుని మైకు పట్టుకున్నాడు. మొదటి చరణంలో శ్రుతి తప్పాడు. అయినా ఎవడూ కదల్లేదు. బెన్‌హుర్ అప్పుడే తువ్వాలు విప్పుకున్నాడు.

రెండో చరణంలో ఎల్మో నవ్వాడు.

"ఓరి నాయనో, జైల్లో ఎలుకలకి కూడా ఇట్టాగే పాడావా? పాపం, అవి ఎట్టా బతికాయిరా!"

"నోర్మూసుకో ఎల్మో," అన్నాను.

"ఏడుపొస్తందక్కా, నాకేడుపొస్తంది!" అంటూ గొంతు మార్చి, ముక్కుతో దీర్ఘం తీస్తూ దెల్ఫిన్ పాటకి అడ్డంగా పాడటం మొదలుపెట్టాడు.

దెల్ఫిన్ మెడ మీద నరం లేచింది. ఆ నరం నాకు తెలుసు, మా నాన్నకీ ఉండేది. పాట ఆగితే ఆ వెధవ వెక్కిరింత కూడా ఆగుతుందనుకున్నాను. నా బుద్ధి గడ్డి తిన్నది. పదేళ్ళుగా అందరికీ నీతులు చెప్పిన నేను, ఏప్రాన్ జేబులో ఉన్న రిమోటు మీద బొటనవేలు పెట్టి నొక్కేశాను.

పాట టక్కున ఆగిపోయింది.

"ఎవడాపాడు?" అన్నాడు దెల్ఫిన్. అరవలేదు, మెల్లిగానే అడిగాడు.

ఎల్మో రెండు చేతులూ పైకెత్తాడు. "నేనైతే కాదు. నీ పాటకి మెషిన్‌కే కడుపునొప్పొచ్చినట్టుంది."

దెల్ఫిన్ మైకుతో వాడి మూతి మీద కొట్టాడు. మైకు ఆన్‌లోనే ఉంది. పళ్ళు విరిగిన చప్పుడు రెండు స్పీకర్లలోంచీ కొట్టంతా వినబడింది. రెండో దెబ్బ, మూడో దెబ్బ. ఎల్మో బల్లతో సహా వెనక్కి పడ్డాడు, గంజి గిన్నెలు వాడి మీద పడ్డాయి. దెల్ఫిన్ వాడి ఛాతీ మీద మోకాలు పెట్టి కూర్చుని కొట్టాడు. ప్రతి దెబ్బా స్పీకర్లలో ధడ్ ధడ్‌మంది. బెన్‌హుర్ వెనకనుంచి దెల్ఫిన్ నడుం పట్టుకుని లాగబోతే బెన్‌హుర్ ముక్కు కూడా పగిలింది. విదిలించుకుని లేచిన దెల్ఫిన్ తిన్నగా నీలం బకెట్ దగ్గరికెళ్ళి ఐసు సూది తీశాడు.

"నేనే ఆపాన్రా!" అని అరిచాను. రిమోటు పైకెత్తి చూపించాను. "వాడు కాదు, నేను! నన్ను పొడువు, రా!"

దెల్ఫిన్ ఆగాడు. సూది చేతిలో ఉంది. నా వంక చూశాడు, రిమోటు వంక చూశాడు. అక్క ఇలా చేస్తుందని వాడికి బుర్రకెక్కలేదు. ఆ తర్వాత జైరా వంక చూశాడు. అది గోడకు అంటుకుపోయి నిలబడింది, దాని తెల్ల బూట్ల మీద రక్తం చిందింది.

బయట రేవు కాపలావాళ్ళ ఈల వినబడింది.

నాకు ఆలోచించే టైము లేదు. సూది లాక్కుని బకెట్లో పడేశాను. రక్తమంటిన మైకు లాక్కున్నాను. ఏప్రాన్‌తో వాడి వేళ్ళు తుడిచి, మెషిన్‌కి వేలాడుతున్న రెండో మైకు తీసి ఆ చేతిలో పెట్టాను. "ఇక్కడే నిలబడు. కదిలావంటే చంపేస్తా," అన్నాను. పక్కకి తిరిగి కింద మూలుగుతున్న ఎల్మో భుజం మీద ఆ మైకుతో నా బలమంతా పెట్టి ఒక్కటిచ్చాను. వాడు కెవ్వుమన్నాడు. అబద్ధం చెప్పబోతున్నప్పుడు కొంతైనా నిజం ఉండాలి కదా. నిజం చెప్పొద్దూ, ఆ దెబ్బ నాకు హాయిగా కూడా ఉంది.

కాపలా పెద్ద తెయోఫిలో లోపలికొచ్చాడు. నేల మీద రక్తం, పళ్ళు, గంజి.

"ఎవరు చేశారిది?"

"నేను," అన్నాను. "వీడు మా తమ్ముడి పాట ఆపాడు. కొట్టాను."

"పురింగక్కే," అన్నాడు బెన్‌హుర్, ముక్కు పట్టుకుని. "నన్ను కూడా కొట్టింది."

"అక్కే కొట్టింది," అన్నారు మిగతా కూలీలు.

ఎల్మో ఏదో అనబోయాడు. వాడి నోట్లోంచి మాటకి బదులు రక్తం వచ్చింది. తెయోఫిలో వెర్రివాడు కాదు. దెల్ఫిన్ చొక్కా మీది మరకలు చూశాడు, నా చేతిలో మైకు చూశాడు. తిన్నగా జైరా దగ్గరికెళ్ళాడు.

"అమ్మాయ్, వీళ్ళంతా ఒక తాను గుడ్డలు. నువ్వు రేపు పోలీసువి అవుతావు, అబద్ధం చెప్పవని ఊరంతా తెలుసు. నువ్వు చెప్పిందే రాసుకుంటా. ఎవరు కొట్టారు?"

అయిపోయింది అనుకున్నాను. ఆరేళ్ళు. నా వేలు నొక్కిన నొక్కుడికి ఆరేళ్ళు. జైరా తన బూట్ల వంక చూసుకుంది. పెదాలు తెల్లగా పాలిపోయాయి.

"అత్త కొట్టింది," అంది. తలెత్తి మళ్ళీ అంది. "మా నాన్న పాట పాడుతున్నాడు."

తెయోఫిలో రాసుకున్నాడు.

దెల్ఫిన్ మోకాళ్ళ మీద కూలబడి, చిన్నపిల్లాడిలా వెక్కివెక్కి ఏడవసాగాడు. నాకు ఒళ్ళు మండింది. నా కళ్ళు కూడా మండుతున్నాయి, చేతికి అందేంత దూరంలో ఒక్క ఉల్లిపాయ కూడా లేదు.

"ఏడుస్తావేంట్రా సన్నాసీ! విన్నావుగా, నువ్వు పాడుతున్నావట. లే, మొదట్నుంచి పాడు," అని రిమోటు జైరా చేతిలో పెట్టి, తెయోఫిలో వెంట స్టేషనుకి నడిచాను.