గాలిలోంచి అమ్మోనియా

హాజరు పిలిస్తే వెన్నెల చెయ్యెత్తుతుందే తప్ప నోరు విప్పదు. పదో తరగతికి వచ్చినా సైన్సు మాస్టారు నరేంద్రబాబు ఆమె గొంతు వినలేదు. అయినా జిల్లా సైన్సు ప్రదర్శనకు ఆ పిల్లనే ఎంచుకున్నాడు. వాగుడుకాయలు సామాను పగలగొడతారని ఆయన నమ్మకం.

గాలిలోని నత్రజనిని కరెంటుతో అమ్మోనియాగా మార్చాలి. మాస్టారు తాను చదివిన కాలేజీ నుంచి మాలిబ్డినం సల్ఫైడు అనే నల్లపొడి తెచ్చి ఒక లోహపు పలకకు పూశాడు. అది అప్పడాల దొంతరలా పొర మీద పొరగా ఉంటుందట. కంటికి ఆనని ఆ పొరల అంచుల్లో నత్రజని చిక్కి, నీళ్ళలోని హైడ్రోజనుతో కలుస్తుందట. పలకను నీళ్ళలో ముంచి కరెంటు ఇస్తూ, బ్యాటరీ మోటారుతో గాలి బుడగలు వదలాలి.

బోగోలు దగ్గరి ఆ ఊళ్ళో అమ్మోనియా పరీక్షకు కొదవేముంది? వెన్నెల నాన్న చెంచురామయ్యకు రొయ్యల గుంట ఉంది. నీళ్ళలో మందు చుక్కలు వేస్తే పసుపు రంగు రావాలి. ఆకుపచ్చగా మారితే అమ్మోనియా ఉన్నట్టే, రొయ్యలకు గండమే. వాళ్ళ ఇంటి పంచలోనే సామాను పెట్టి, ఆ మందుతోనే పరీక్ష చేశారు. చిక్కటి ఆకుపచ్చ!

"గెలిచినాం మే!" అని మాస్టారు ఎగిరి గంతేశాడు.

చెంచురామయ్య కూతుర్ని చూసి తల పట్టుకున్నాడు. "గుంటలో దాన్ని పోగొట్టేదానికి నేను చస్తా ఉంటే, నువ్వు ఇంట్లో తయారుచేస్తా ఉండావా?"

ప్రదర్శనకు ముందురోజు పొద్దున కరెంటు పోయింది. పలకకు కరెంటు లేదు, మోటారు మాత్రం ఆడుతోంది. వెన్నెల కొత్త నీళ్ళు పోసి, కాసేపాగి చుక్కలు వేసింది. ఆకుపచ్చే! మోటారు గాలి పీల్చే వైపు చూస్తే, అవ్వ ఆదిశేషమ్మ ఎండబెట్టిన చేపల తట్టలు. చేపల అమ్మోనియాతో ఆ గాలే నీళ్ళలో దిగుతోంది. ఆ ఇంట్లో, మాస్టారితో సహా ఆ ఊళ్ళో, ఎండుచేపల వాసన ఎవరికీ వాసన కాదు.

చెప్పాలని సాయంత్రం దాకా మాస్టారి వెనకే తిరిగింది. ఆయన హెడ్మాస్టరుకు, పాలవాడికి, కనబడినవాళ్ళకల్లా గాలిలోంచి అమ్మోనియా, దాంతో యూరియా తీయడం గురించి చెబుతున్నాడు. "సార్" అన్న మాట ఆమె గొంతు దాటలేదు.

మర్నాడు నెల్లూరు ప్రదర్శనలో బహుమతులు నిర్ణయించే స్వర్ణ మేడం అడిగింది: "కరెంటు ఇవ్వకుండా చూశారా?"

"ఆ అవసరమే రాలేదు మేడం," అన్నాడు మాస్టారు.

"నేను చూసినా."

ఎవరిదా గొంతు అని మాస్టారు వెనక్కి తిరిగాడు.

"కరెంటు లేకపోయినా ఆకుపచ్చే వచ్చింది మేడం. అది పొడి చేసిన అమ్మోనియా కాదు, మా అవ్వ ఎండుచేపలది."

హాలంతా నవ్వింది. వెన్నెల చెవులు ఎర్రబడ్డాయి గానీ నోరు ఆగలేదు. తట్టలెక్కడున్నాయి, మోటారెక్కడుంది, గాలిని ముందు నిమ్మరసంలోంచి పంపితే అమ్మోనియా అక్కడే ఎలా ఆగిపోతుంది... "చాలు తల్లీ, ఇంకా పిల్లలుండారు" అని మేడం బతిమాలేదాకా చెబుతూనే ఉంది.

బహుమతి రాలేదు. తిరుగు బస్సు కొడవలూరు దాటాక మాస్టారు అడిగాడు.

"ముందే చెప్పుండొచ్చు గదమ్మే?"

"చెప్దామనే నిన్నంతా మీ వెనకాలే తిరిగినా సార్. మీరు ఊపిరి తీసుకుంటే గదా!"

మాస్టారు కిటికీ వైపు తిరిగి నవ్వు దాచుకున్నాడు.

"సోమవారం నిమ్మకాయలు తీసుకురా," అన్నాడు.