అరవై రెండు తీసేస్తే

నెలలో మొదటి ఆదివారం పొద్దున, బట్టలు నానబెట్టి వచ్చాక, ఆమె పిల్లను తూచేది. పిల్ల అంటే ఏడు నెలల ఆడకుక్క. పెద్ద జాతిది. ఒత్తైన గోధుమరంగు బొచ్చు, దాని వయసుకు మించిన పంజాలు, టీపాయి మీద కప్పులు మిగలనివ్వని తోక. అంత కుక్కను ఇంట్లో ఉన్న చిన్న తూకం మెషీను మీద కుదురుగా నిలబెట్టడం ఎవరి తరమూ కాదు. అందుకని ఆమె దాన్ని రెండు చేతులతో ఎత్తుకుని, పళ్ళు బిగబట్టి తానే మెషీను ఎక్కేది. కుక్కను మోస్తున్న మనిషికి తన కాళ్ళ దగ్గరున్న మెషీను ముల్లు కనపడదు. ఆ కాస్త పనికి భర్త వచ్చి వంగేవాడు.

“ఎనభై అయిదు,” అన్నాడతను. “దిగు దిగు, మెషీను విరుగుతుంది.”

ఎనభై అయిదులోంచి అరవై రెండు తీసేస్తే ఇరవై మూడు. ఆరో తరగతికి లెక్కలు చెప్పే మనిషికి అదేమంత లెక్క కాదు. అరవై రెండు ఆమె బరువు. పిల్ల ఈ ఇంటికి వచ్చిన మొదటి ఆదివారం, ముందు తానొక్కతే ఎక్కి చూసుకుంది. రెండో నెల మళ్ళీ ఎక్కబోతే, “నీ బరువేం మారుతుందిలే, పెళ్ళయిన దగ్గర్నుంచీ అంతేగా, నాకు పనుంది,” అన్నాడు భర్త. నిజమే కదా అనుకుంది. ఫ్రిజ్ మీద అంటించిన కాగితంలో పదహారు, పంతొమ్మిది, ఇరవై ఒకటి అని రాసి ఉన్నాయి. వాటి కింద ఇరవై మూడు రాసింది. ఈ జాతికి ఈ వయసులో ఇరవై ఏడుండాలని టీకాల పుస్తకంలో ఉంది.

“ఎంతట?” హాల్లోంచి అత్తగారు అడిగింది.

“ఇరవై మూడు, అత్తయ్యా.”

“నెలకి రెండు కిలోలా? దాని వయసుకి అది కొండలా పెరగాలి. ఆ కాళ్ళు చూడు, పుల్లల్లా! నోరు లేనిదానికి కడుపు నిండా పెట్టడం కూడా మేమే నేర్పాలా?”

“పెడుతూనే ఉన్నాను.”

“పెడితే ఒంటికి పట్టదూ?”

భర్త అప్పటికే సోఫాలో కూర్చుని ఫోను చూస్తున్నాడు. “నేను ముందే చెప్పాను. నీకు స్కూలే సరిపోతోంది. ఈ నెల చూద్దాం. డాక్టరు కూడా బరువు లేదంటే మా గోడౌన్ వాళ్ళకి ఇచ్చేద్దాం. అక్కడ నలుగురుంటారు, ఏదో ఒకటి పడేస్తారు. పెరుగుతుంది.”

పిల్లను తెచ్చుకున్నది ఆమె కాదు, ఆమె అక్క. రెండు నెలల కూనగా ఉన్నప్పుడు తెచ్చుకుని, “పేరు తర్వాత పెడతానే, ముందు ఇది ఎలాంటిదో తెలియాలిగా,” అంది. ఆరు వారాలు తిరిగేసరికి అక్క పోయింది. కూరగాయల సంచీతో మెట్లెక్కుతూ, మూడో అంతస్తు దగ్గర కూలబడి, మళ్ళీ లేవలేదు. అక్కకు పెళ్ళీ సంసారం లేవు కనుక పిల్లను తీసుకెళ్తానంటే అడ్డు చెప్పేవాళ్ళూ లేరు. ఆమె అక్క ఫ్లాటులోంచి టీకాల పుస్తకం, ఒక గిన్నె, పేరు లేని కుక్కపిల్ల, ఈ మూడే తెచ్చుకుంది. స్కూలు నాలుగు రోజులు సెలవిచ్చింది. అయిదో రోజు బోర్డు మీద భిన్నాలు రాస్తుంటే సుద్దముక్క రెండుసార్లు విరిగింది. ఇంట్లో అక్క పేరు ఎత్తితే భర్త టీవీ శబ్దం కొంచెం తగ్గించి, ఆమె ఆపగానే మళ్ళీ పెంచేవాడు. నెల తిరిగాక ఎత్తడం మానేసింది. తెల్లవారుజామున పిల్లను వీధిలో తిప్పుతున్నప్పుడు మాత్రం దానితో చెప్పేది. అది వినేది కాదు, స్తంభాలు వాసన చూసేది. అయినా తాడుకి అటు చివర ఒక ప్రాణం ఉండేది.

గోడౌన్ మాట విన్న దగ్గర్నుంచి ఆమె పొద్దున గిన్నెలో ఇంకో గుప్పెడు వేసేది. సాయంత్రం ఒక గుడ్డు కలిపేది. పిల్ల అర నిమిషంలో గిన్నె నాకేసి, దాన్ని మూతితో నెట్టుకుంటూ ఆమె కాళ్ళ దగ్గరికి తెచ్చేది. ఇంత ఆకలి మీదున్నదాన్ని ఇన్నాళ్ళూ మాడ్చానా అనుకుని మళ్ళీ వేసేది. బుధవారానికి పిల్ల వెనక కుడికాలు ఎత్తి ఎత్తి వేయసాగింది. మెట్ల దగ్గర ఆగి ఆమె ముఖంలోకి చూసింది. నీరసం అనుకుంది ఆమె. గురువారం మధ్యాహ్నం సగం రోజు సెలవడిగితే హెడ్‌మిస్ట్రెస్ కళ్ళజోడు పైనుంచి చూసి, “మొన్న మనుషులకి, ఇవాళ కుక్కలకా? కానివ్వండి,” అంది.

పశువుల ఆసుపత్రిలో డాక్టరమ్మ పిల్లను చూసి గుర్తుపట్టింది. “అరే, నువ్వా! ఎంత పెద్దదానివైపోయావు!” అని, తలెత్తి, “మీ అక్కగారు రాలేదా?” అంది.

“లేదండీ. అక్క లేదు.”

డాక్టరమ్మ చేతిలో పెన్ను కింద పెట్టింది. కాసేపు పిల్ల చెవులు నిమిరింది. తర్వాత నేల మీద కూర్చుని దాని కాలు వంచి, చాపి, పక్కల మీద రెండు చేతులూ వేసింది. నుదురు చిట్లించింది.

“ఏం పెడుతున్నారమ్మా దీనికి?”

“తక్కువవుతోందని తెలుసండీ. పెంచుతూనే ఉన్నాను. ఇంకా పెంచుతాను. ఒక్క నెల టైమివ్వండి.”

“తక్కువేంటి? ఇలా రండి, కూర్చోండి. పిడికిలి బిగించండి. రెండో చేత్తో ఆ వేళ్ళ కణుపులు తడమండి. ఎముకలు గుచ్చుకుంటున్నాయా? కుక్క పక్కటెముకలు అలా తగిలితే బక్కచిక్కిందని. ఇప్పుడు చెయ్యి చాపి పైవైపు తడమండి. ఎముక తెలుస్తుంది, గుచ్చుకోదు. అలా ఉంటే సరిగ్గా ఉన్నట్టు. అరచేయి తిప్పి, వేళ్ళ కింద ఆ మెత్త నొక్కండి. ఎముక కోసం వెతుక్కోవాలి కదూ? మీ పిల్ల ఇదిగో, ఇక్కడుంది. చూడండి.”

ఆమె బొచ్చులోకి చేయి పోనిచ్చింది. మూడు నెలలుగా రోజూ దువ్వుతున్న ఒళ్ళే. వేళ్ళు మెత్తగా దిగాయి కానీ ఎముక దొరకలేదు.

“పైనుంచి చూడండి, నడుము దగ్గర సన్నబడాలి. ఇది నిలువునా దిండులా ఉంది. బొచ్చు కప్పేసింది, అంతే.”

“కానీ గిన్నె నాకేసి ఇంకా అడుగుతుందండీ.”

“అడుగుతుంది. ఈ జాతి కడుపు పగిలేదాకా వద్దనదు. దీని ఆకలి నమ్ముకుని పెట్టకూడదు, చెయ్యి పెట్టి చూసి పెట్టాలి. పెద్ద జాతి పిల్ల నెమ్మదిగా పెరగాలమ్మా. ఎముకలు గట్టిపడకముందే బరువు మీద పడితే కీళ్ళు పాడవుతాయి. ఆ కుంటడం అదే. ఇంకా చెయ్యి దాటలేదు, భయపడకండి.”

గోడవార నేలకు సమంగా ఒక వెడల్పాటి తూకం పలక ఉంది. పిల్ల దాని మీదకెక్కి, తనకోసమే వేశారన్నట్టు కూర్చుంది. గోడ మీద ఎర్ర అంకెలు వెలిగాయి. ముప్ఫై ఒకటి.

“ఇది తప్పు,” అంది ఆమె. క్లాసులో పిల్లల జవాబు చూసి అన్నట్టే అంది. “ఆదివారం ఇరవై మూడే ఉంది.”

“ఎలా తూచారు?”

చెప్పింది. ఎత్తుకోవడం, ఎక్కడం, భర్త వంగి చదవడం, అరవై రెండు తీసేయడం.

“ఆ అరవై రెండు ఎప్పటిది?”

డాక్టరమ్మ పిల్లను పక్కకు జరిపి, “ఎక్కండి,” అంది.

ఎక్కింది. యాభై నాలుగు.

తీసివేతలో తప్పు లేదు. తీసేసిన అంకె తప్పు. రెండు, మూడు, మళ్ళీ మూడు, నెలనెలా పిల్ల ఒంటికి పట్టలేదనుకున్న కిలోలు ఆమె ఒంట్లోంచి పోయాయి. వాటిని పూడ్చడానికి ఆమె పిల్లకు పెడుతూ వచ్చింది. ఇంట్లో ముగ్గురు మనుషులు ఆ ఎనిమిది కిలోల కోసం మూడు నెలలుగా వెతికారు. గిన్నెలో వెతికారు, ఆమె శ్రద్ధలో వెతికారు. స్టాఫ్ రూములో సైన్సు టీచరు, “ఏం తింటున్నావో చెప్పవే బాబూ, మేమూ అదే తింటాం,” అని నడుము గిల్లినప్పుడు అందరితో పాటు తనూ నవ్వింది. నడుము దగ్గర పిన్నీసు పెట్టుకుంటుంటే భర్త చూసి, “బట్టలన్నిటికీ కుట్లు వేసుకోవచ్చుగా, కొత్తవి కొనక్కర్లేదు,” అన్నాడు. అంటే చూశాడు. చూడలేదని అనడానికి లేదు. మోచేతి కింద ఎముక పొడుచుకురావడం అత్తగారు కూడా చూసింది, “చేతులు చూపించకు, మేం పెట్టట్లేదనుకుంటారు,” అంది. అక్క అయితే తలుపు తీస్తూనే, చెప్పులైనా విప్పకముందే, “చిక్కిపోయావేంటే?” అని ఉండేది. ఆ మాట అనే మనిషి పోయినందుకే చిక్కింది కనుక, అనేవాళ్ళు లేకుండా పోయారు. ఇంత చిన్న లెక్క ఇన్నాళ్ళూ ఆమెకు తట్టలేదు.

బట్టల మీంచే తన పక్కటెముకల మీద చేయి వేసుకుంది. పిడికిలి.

డాక్టరమ్మ చూసి, చూడనట్టు కాగితం తీసింది. “పిల్ల తిండి రాద్దాం. ఇప్పుడు ఎంత పెడుతున్నారు?”

“పొద్దున రెండు వందల ఎనభై గ్రాములు. మధ్యాహ్నం అత్తయ్య చేత నూట యాభై. సాయంత్రం రెండు వందల ఎనభై, ఒక గుడ్డు. ఆదివారం నుంచి ఇంకో గుప్పెడు.”

“మీరు?”

“నేనేంటి?”

“పొద్దున మీరేం తిన్నారు?”

ఆమె ఆలోచించింది. భర్త డబ్బాలో ఏం పెట్టిందో చెప్పగలదు. అత్తగారికి ఉప్పు తగ్గించి విడిగా వండింది చెప్పగలదు. తన గురించి ఎంత వెతికినా ఒక గ్లాసు టీ తప్ప ఏదీ దొరకలేదు. అదీ పూర్తిగా తాగిందో లేదో తెలియదు. “గుర్తు లేదండీ,” అంది. నిన్నటిది అడిగినా అంతే, అదీ గుర్తు లేదు.

“దీనికి నేను రాసిస్తాను, రెండు పూటలే, కొలిచి పెట్టండి. మీ రక్తపరీక్ష మాత్రం నేను చేయలేను,” అంది డాక్టరమ్మ. “రేపే వెళ్ళండి. మనుషుల డాక్టరు దగ్గరికి.”

బయట మెట్ల పక్క ఒక సిమెంటు అరుగు ఉంది. మధ్యాహ్నపు ఎండ దాని సగం దాకా వచ్చింది. పిల్ల నీడలో పడుకుని మూతి ఆమె చెప్పు మీద పెట్టింది. ఫోను మోగింది.

“ఏమంది డాక్టరు?” అన్నాడు భర్త. “ఎంతుంది?”

“ముప్ఫై ఒకటి.”

“ఎలా? ఇరవై మూడు కదా?”

“మన లెక్క తప్పు. పిల్ల ఎక్కువ బరువుంది. నేను ఎనిమిది కిలోలు తగ్గాను. అదీ ఇదీ కలిపి తూచాం కదా, తెలియలేదు.”

అవతల ఎవరో అతన్ని ఏదో అడిగారు. అతను వాళ్ళకి జవాబు చెప్పి మళ్ళీ వచ్చాడు. “అంటే ఇప్పుడు ఎక్కువ పెట్టేశావా? ఇదీ చేతకాలేదన్నమాట. సరే, గోడౌన్ అతను అడుగుతూనే ఉన్నాడు, ఆదివారం వచ్చి...”

“పిల్ల ఎక్కడికీ వెళ్ళదు.”

ఆ గొంతు కాస్త పెద్దగానే వచ్చిందేమో, పిల్ల తలెత్తింది. అతను నవ్వబోయి ఆగాడు. “సరేలే, ఇంటికొచ్చాక మాట్లాడుకుందాం. అమ్మ నాలుగింటికే టిఫిను అడుగుతుంది. నువ్వెళ్ళి వంట మొదలుపెట్టేసరికి లేటయ్యేలా ఉంది.”

ఆమె ఎండ వైపు జరిగింది. “ఇవాళ మీరు వండండి.”

“నేనా? నాకేం వచ్చు? అసలు నీకేమైంది?”

ఏమైందో చెప్పడానికి మూడు నెలలున్నాయి. అక్క ఉంది, మూడో అంతస్తు మెట్లున్నాయి. అవన్నీ ఒకదాని మీద ఒకటి గొంతుదాకా వచ్చాయి. ఆమె వాటిని పక్కకు జరిపి అన్నింటికన్నా చిన్న మాట ఎంచుకుంది.

“నాకు ఆకలేస్తోంది,” అంది.

అన్నాక, అది నిజమని తెలిసి, చేత్తో నోరు మూసుకుంది.