డాబా మీద అలెర్టు

మా ఆయనతో కాపురమంటే డిక్షనరీతో కాపురమే. పేరు బెంజమిన్. హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పి రిటైరయ్యారు. ఇంగ్లీషు మాట ఏది చెవిన పడ్డా దాని అర్థంతో ఊరుకోరు. అది ఏ దేశంలో పుట్టింది, ఎవరి నోట నలిగింది, ఏ దారిన మా పి.గన్నవరం దాకా వచ్చింది అన్నీ చెప్పేదాకా ఎదుటి మనిషిని కదలనివ్వరు. పాలవాడికి కూడా 'లీటరు' పుట్టుక తెలుసు. పాపం, వాడు మధ్యలో సైకిలు బెల్లు కొట్టి తప్పించుకుంటాడు. నాకు సైకిలు లేదు.

వానాకాలంలో ఒక పొద్దున ఇడ్లీ తింటుంటే ఇంట్లో రెండు ఫోన్లూ ఒకేసారి కీచుమన్నాయి. గోదావరికి వరద వస్తోందని ప్రభుత్వం వాళ్ళు పంపిన అలెర్టు. నాకు గుండె జారింది. ఆయన మాత్రం చుట్టాలొచ్చినంత సంబరపడ్డారు.

అలెర్ట్ అంటే ఏమిటో తెలుసా అని అడిగారు. జాగ్రత్తగా ఉండమని, అన్నాను. అది ఇప్పటి అర్థమట. అసలు మాట ఇటలీ సిపాయిలదట. 'ఎర్తా' అంటే వాళ్ళ భాషలో ఏటవాలుగా పైకి లేచిన చోటు. 'ఆల్ ఎర్తా' అంటే ఎత్తు మీదికి అని. కావలి సిపాయిలు ఒకరికొకరు అలా కేకేసుకునేవారట. ఆ కేక ఫ్రెంచివాళ్ళ నోట పడి, అక్కణ్ణుంచి ఇంగ్లీషులోకి దిగి, కాపలా కాయడం అయింది, చురుగ్గా ఉండడం అయింది, హెచ్చరిక అయింది, చివరికి ఫోన్లో కీచుమనే ఈ గోల అయింది.

"కింద నిలబడి ఎంత కళ్ళు చించుకున్నా అలెర్ట్ కాదు రాహేలూ. ఎత్తు మీదున్నోడే అలెర్ట్" అన్నారు చట్నీ నాకుతూ.

ఇడ్లీ చల్లారిపోతోందన్నాను. తన గుట్టంతా నా ముఖం మీదే చెప్పేశారని అప్పుడు నాకు తెలియదు.

నా సంగతి కూడా చెప్పాలి. నేను ఆడపిల్లల హాస్టల్లో వార్డెన్‌గా చేశాను. ఊళ్ళో ఇప్పటికీ వార్డెనమ్మగారనే అంటారు. గోడ దూకే పిల్ల ఏ గోడ దూకుతుందో దూకకముందే చెప్పగలిగినదాన్ని. వార్డెన్, గార్డు రెండూ పుట్టుక దగ్గర ఒకటే మాటని మా ఆయన చెబుతుంటారు. పొగడ్తో ఎత్తిపొడుపో ఆయనకే తెలియాలి.

అలాంటి నాకు ఇంట్లోనే దొంగ తయారయ్యాడు. మా ఆయన రెండు కళ్ళకూ శుక్లాలు. దూరపు మనుషులు మసగ్గా ఆనుతారుగానీ అక్షరం మాత్రం ఆనదు. డిక్షనరీ ఒళ్ళో పెట్టుకుని, పేజీలు తిప్పుతూ, వాసన చూసుకుంటూ కూర్చుంటారు. నన్ను చదివిపెట్టమంటారు. చీమ తలకాయంత అచ్చు, నా కళ్ళజోడు చేసినవాడికి పని రాదు, కరెంటు చూస్తే ఎప్పుడూ డిమ్ము. నాలుగు మాటలు చదివేసరికి నాకు తలనొప్పి, తప్పులు దిద్దేసరికి ఆయనకు తలనొప్పి. ఆపరేషన్ అయితే ఆయనకు లోకం తిరిగొస్తుంది. అది కాకపోతే ఆ మనిషి అక్షరం లేకుండా ఎలా బతుకుతారా అని నాకు దిగులు.

అమలాపురంలో డాక్టరుగారు రోజు ఇచ్చారు. వెళితే షుగరు ఆకాశంలో ఉంది. తగ్గించుకుని రమ్మని పంపేశారు. రెండోసారి వెళ్ళాం. మళ్ళీ అదే కథ. ఇంకోసారి ఇలా వస్తే ఆపరేషన్ మాట మరిచిపోండి, ముదిరిపోతున్నాయి అన్నారు.

అప్పుడు ఇంట్లో హాస్టల్ రూల్సు పెట్టాను. పంచదార డబ్బా బీరువాలోకి వెళ్ళింది. రావులపాలెం నుంచి ఎవరు అరటిపళ్ళు తెచ్చినా గుమ్మంలోనే దణ్ణం పెట్టి పంపేశాను. చర్చిలో పుట్టినరోజు కేకు పంచుతుంటే ఆయనకీ పళ్ళేనికీ మధ్య నేను నిలబడ్డాను. చొక్కా జేబులు తడిమాను, దిండు కింద చూశాను, డిక్షనరీని కూడా దులిపాను. ఒక్క పంచదార పలుకు దొరకలేదు.

విడ్డూరం ఏమిటంటే, ఇంటికొచ్చి సూది గుచ్చి చూసే నర్సు పద్మశ్రీకి ఎప్పుడూ షుగరు బాగానే ఉండేది. అమలాపురంలో మాత్రమే పెరిగేది. మిషను చెడిందేమో అంటే పద్మశ్రీ అలిగింది. అమలాపురం గాలిలోనే పంచదార ఉందేమోనని మా ఆయన అమాయకంగా అన్నారు.

ఇక చెట్టెక్కేవాడే దిక్కనుకున్నాను. మా ఇంటి చుట్టూ కొబ్బరి తోటలు. వీర్రాజు దింపు తీస్తాడు, అంటే చెట్టెక్కి కాయలు దించుతాడు. ఇక్కడ దింపు తీసేవాళ్ళకో పద్ధతి ఉంది. మా వైపు చాలా ఇళ్ళకు పెరటి స్నానాల గదులకు పైకప్పు ఉండదు. చెట్టు మీదికి చేరినవాడికి నాలుగిళ్ళ లోగుట్టు కనబడుతుంది. అందుకని మొదలు మీద కాలు పెట్టకముందే నోరారా కేకేస్తారు. లోపలున్న ఆడవాళ్ళు తువ్వాలు లాక్కుంటారు, లేదా "ఉండవయ్యా" అంటారు. ఉండమంటే ఉంటారు. పైన ఏం చూసినా కిందికొచ్చి చెప్పరు. ఆ కేక వినబడితే మగవాళ్ళు మాత్రం పేపరు కూడా పక్కన పెట్టరు. అది తమకు కాదని పుట్టిన దగ్గర్నుంచీ వాళ్ళ నమ్మకం.

వీర్రాజును పిలిచి, మాస్టారు ఎక్కడ ఏం తింటున్నారో పైనుంచి కాస్త కనిపెట్టమన్నాను. వీర్రాజు తలపాగా తీసి చేత్తో పట్టుకున్నాడు.

"మీరు ఇంకేం చెప్పినా చేస్తానండి. పైన చూసింది కింద చెప్తే రేపు ఏ ఇంట్లోనూ మమ్మల్ని చెట్టెక్కనివ్వరండి" అన్నాడు మర్యాదగా.

కోపం వచ్చింది. నిజమే చెప్పాడు గనక ఇంకా ఎక్కువ వచ్చింది. కాఫీ ఇచ్చాను గానీ పంచదార వెయ్యలేదు.

దసరా వెళ్ళాక మూడోసారి రోజు ఇచ్చారు. ఆ పొద్దున ఆయన పరగడుపున డాబా మీద నడిచొస్తానని వెళ్ళారు. అమలాపురం వెళ్ళే రోజుల్లో ఆయనకు ఈ నడక పిచ్చి పట్టుకుంటుంది. ఇనప మెట్లు. నా మోకాళ్ళకు ఆ మెట్లకు మాటల్లేక చాలా కాలమైంది. పెరట్లో నిలబడి, చెయ్యి నుదుటికి ఆనించుకుని పైకి చూశాను. ఎవరూ కనబడలేదు. "ఎక్కడున్నారు?" అని అరిచాను. "ఇక్కడే" అన్నారు. సరే, ట్యాంకు వెనక ఉన్నారు కాబోలు అని పైకే అనేసి లోపలికి వెళ్ళి చీర మార్చుకోబోయాను.

"చెట్టెక్కుతున్నామండోయ్... అమ్మగార్లూ, జాగర్తండోయ్" అని వీర్రాజు కేక వినబడింది.

కాసేపటికి వీర్రాజు దిగొచ్చి గుమ్మంలో మంచినీళ్ళడిగాడు. తాగాడు. గ్లాసు ఇవ్వడు, కదలడు. ఏమిటయ్యా అన్నాను.

"ఆడోళ్ళ సంగతి కింద చెప్పకూడదన్నది మా రూలండి. మగోళ్ళ గురించి ఏ రూలూ లేదని ఇప్పుడే చెట్టు మీద గుర్తొచ్చిందండి" అన్నాడు.

"చెప్పు."

"మాస్టారు ట్యాంకు పక్కన కూర్చుని పూతరేకులు తింటన్నారండి. పాత పెయింటు డబ్బాలోంచి తీసేరు. నేను అంత కేకేసినా తలెత్తలేదండి." వీర్రాజు గ్లాసులోకి చూస్తూ ఆగాడు. "అది చెప్పడానికి రాలేదండి. ఇష్టంగా తినేవోడు అలా తినడండి. ముందు ప్రార్థన చేసుకున్నారు. కళ్ళు మూసుకుని, కషాయం మింగినట్టు మింగేరు. తిన్నాక కళ్ళు తుడుచుకున్నారండి. నాకు చూడబుద్ధి కాలేదు."

తిట్టడానికి నోట్లో సిద్ధం చేసుకున్న మాటలన్నీ అలాగే ఉండిపోయాయి. ఇన్నాళ్ళూ నేను పంచదారకు కాపలా కాశాను, మనిషికి కాదు. పద్మశ్రీ మిషన్లో ఏ తప్పూ లేదు. ఈయన అమలాపురం వెళ్ళే పొద్దునే తింటున్నారు. తియ్యదనం కోసం కాదు, వెనక్కి పంపేయాలని.

మెట్లెక్కాను. ప్రతి మెట్టు మీదా యేసయ్యను పిలిచాను. ఆయన నన్ను చూసి పూతరేకు దాచడం కూడా మరిచిపోయారు. ఒడి నిండా పొడి, మీసం మీద నెయ్యి.

"ఎత్తు మీదికి వచ్చేవే" అన్నారు చివరికి.

"మీరేగా చెప్పేరు, ఎత్తు మీదున్నోడే అలెర్ట్ అని. ఎందుకండీ ఈ పని?"

చేతిలో మిగిలిన ముక్కను డబ్బాలో పెట్టి మూత వేశారు. తర్వాత నెమ్మదిగా చెప్పారు. వాళ్ళ పెద్దన్న సాలమోను గారికి అప్పట్లో ఆపరేషన్ చేస్తే కన్ను మొత్తమే పోయింది. ఆ సంగతి నాకు తెలుసు. ఆయన దాన్ని ఇంతకాలం గుండెల్లో పెట్టుకు తిరుగుతున్నారని మాత్రం తెలియదు.

"అచ్చు ఎలాగా పోయింది. ఈ మసకలో నీ మొహం అంతో ఇంతో కనపడతంది రాహేలూ. అదీ పోతే నేనేం చేసుకోను?"

నాకు ఏడుపొచ్చింది. హాస్టల్ పిల్లలు ఎవరూ చూడని ఏడుపు. ఆయన తుండుగుడ్డ ఇచ్చారు, దానికీ పూతరేకుల పొడే. ముఖమంతా తియ్యగా అయింది.

అప్పుడు ఆయన నవ్వడం మొదలుపెట్టారు. నేను కోపంగా చూశాను.

"ఇందాక నువ్వు పెరట్లోంచి చూసినప్పుడు నేను ట్యాంకు వెనకాల లేను. ఈ పిట్టగోడ పక్కనే నిలబడి నీకు చెయ్యి ఊపేను. పూతరేకు ఉన్న చెయ్యే. పోయినసారీ అంతే. నీ కంటికీ పొర వచ్చింది. నాకు ఎప్పుడో తెల్సు."

కళ్ళజోడువాడిని తిట్టబోయి ఆగిపోయాను. కరెంటును కూడా తిట్టలేకపోయాను, ఎండ ఫెళ్ళున కాస్తోంది. మరి చెప్పలేదేం అన్నాను. చెబితే నన్నూ ఆపరేషన్‌కు తీసుకెళ్ళాల్సొస్తుందని భయమట. తన కన్ను కన్నా నా కన్ను పోతుందని ఎక్కువ భయమట. ఎదురుగా చెయ్యి ఊపుతున్న దొంగను చూడలేని కాపలాదారుకు ఆ మాట విన్నాక పరువు గురించి పట్టింపు పోయింది.

"సరే. అయితే ముందు నేనే చేయించుకుంటాను. నా కన్ను బాగుంటే మీరు నోరు మూసుకుని ఆపరేషన్ బల్లెక్కాలి. బాగోకపోతే ఆ పెయింటు డబ్బాలో మిగిలినవి నేనే తినిపిస్తాను మీకు" అన్నాను.

వద్దని ఆయన చాలా చెప్పారు. నేను అప్పటికే మెట్లు దిగుతున్నాను. ఆ రోజే అమలాపురం వెళ్ళి, ఆయన బదులు నేను కుర్చీలో కూర్చున్నాను. నాకు షుగరు లేదు. డాక్టరుగారు నా కళ్ళు చూసి, అమ్మా, మీరు ఆయనకు తోడుగా ఎలా వస్తున్నారండీ ఇన్నాళ్ళూ అన్నారు.

ఆపరేషన్ రోజున బయట బెంచీ మీద మా ఆయన పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టలేదని నర్సు చెప్పింది. మర్నాడు కట్టు విప్పారు. మొదట కనబడింది ఆయన మొహమే. గడ్డం ఒక వైపు గీసుకుని రెండో వైపు వదిలేశారు. ఈయన ఇంత ముసలాయన ఎప్పుడయ్యారా అనిపించింది. ఎలా ఉందని అడిగారు.

"గడ్డం సరిగ్గా గీసుకోండి" అన్నాను. ఆయన గోడకు ఆనుకుని, ఇంక దాచుకోకుండా ఏడ్చారు.

ఇంటికొచ్చి చూస్తే మూలమూలనా బూజు. ఎంత శుభ్రంగా ఉంచుతానో అని ఊరంతా చెప్పుకున్న ఇల్లు. వార్డెన్‌కు కళ్ళు రావడం కూడా ఒక శిక్షే.

ఆయన వంతు వచ్చింది. ఆ పొద్దున మళ్ళీ డాబా మీద నడిచొస్తానని వెళ్ళారు. నేను జేబులు తడమలేదు. వంటింట్లో ఉన్నానుగానీ కాలు నిలవలేదు. వీర్రాజు కేక వినబడింది. ఈసారి ఆ కేకకు నేనే బయటికి పరిగెత్తాను.

కొబ్బరాకులు ఒక్కొక్కటీ విడివిడిగా కనబడుతున్నాయి. అప్పటికే చెట్టు తలకాయ దగ్గరికి చేరిన వీర్రాజు కనబడ్డాడు. బుగ్గ ఉబ్బి ఉంది, ఒళ్ళో పెయింటు డబ్బా ఉంది.

"మాస్టారు పిట్టగోడ మీంచి అందించి పారెయ్యమన్నారండి" అన్నాడు నోటి నిండా పూతరేకుతో. "పారేస్తే పాపం కదాండీ."

పిట్టగోడ దగ్గర మా ఆయన ఉన్నారు. చేతిలో ఏమీ లేదు. నేను చూస్తున్నానో లేదో తెలియక, అలవాటు కొద్దీ చెయ్యి ఊపుతున్నారు. నేనూ ఊపాను.

ఆయన చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. వీధిలో అమలాపురం వెళ్ళే ఆటో హారను మోగింది. నేను పిలవకుండానే మెట్లు దిగి వచ్చారు.