వెనక్కి వెళ్ళడానికి కారణం

"కంప్యూటర్ కొత్తదైపోయింది. ఇంక నీకు ఏ తలనొప్పీ ఉండదు."

భర్త బూటు లేసు ముడివేసుకుంటూ అన్నాడు. ఆమె అతని టిఫిన్ డబ్బా మూత బిగిస్తోంది. అది ఓ పట్టాన పడే రకం కాదు. ఒక మూల నొక్కితే ఇంకో మూల లేస్తుంది. ఆ కుస్తీలో ఉండి "అలాగా" అంది. కొత్తదవడమేమిటని అడిగే తీరిక లేదు.

"నెట్‌లోంచి కొత్త వెర్షన్ దించి ఎక్కించా. రాత్రంతా నడుస్తూనే ఉంది. సాయంత్రం నాకు ఇంటినుంచే మీటింగ్. ఆ మీటింగ్ ప్రోగ్రాం పాతదాంట్లో నడవనంటే నడవనని మొండికేసింది. అన్నట్టు, నా స్లైడ్స్‌లో అక్షరాలు కాస్త పెద్దవి చెయ్యి. మా పెద్దాయనకి కళ్ళు సరిగ్గా ఆనవు."

డబ్బా అందుకుని వెళ్ళిపోయాడు. ఆమె గిన్నెలు కడిగింది, అత్తగారికి టీ ఇచ్చింది, బట్టలు ఆరేసింది. అన్నీ అయ్యాక భోజనాల బల్ల పక్కనున్న కంప్యూటర్ ముందు కూర్చుని చూస్తే, తెరమీద ఆమె ప్రోగ్రాం లేదు.

ఆమె పని బట్టల నమూనాలు గీయడం. ఊరి చివర ఒక కుట్టు కర్మాగారం ఉంది. అక్కడ ఒక సైజులో కుట్టిన చొక్కాకి మిగతా సైజులన్నీ ఈమె ఇంట్లో కూర్చుని కంప్యూటర్‌లో గీసి పంపుతుంది. వినడానికి తేలికే, పెంచుకుంటూ పోవడమేగా అనిపిస్తుంది. కానీ మనిషి ఒళ్ళు అన్ని వైపులా ఒకేలా పెరగదు. నడుము పెరిగినంతగా భుజం పెరగదు, ఛాతీ పెరిగినా మెడ అక్కడే ఉంటుంది. చంక దగ్గర గీత కొంచెం తప్పిందా, ఆ చొక్కా వేసుకున్న మనిషి చెయ్యి పైకెత్తిన ప్రతిసారీ చొక్కా అంతా పైకి లేస్తుంది. ఈసారి వచ్చినవి ఆసుపత్రి నర్సుల యూనిఫారాలు. చెయ్యెత్తి సెలైన్ సీసాలు తగిలించేవాళ్ళు, వంగి మనుషుల్ని లేపేవాళ్ళు. వాళ్ళ కోసం ఆ చంక గీతని ఎన్నిసార్లు చెరిపి గీసిందో ఆమెకే తెలుసు. దీన్ని ఇంట్లో "గౌన్ల బొమ్మలు" అంటారు. బంధువులొచ్చినప్పుడు భర్త నవ్వుతూ, "మా ఆవిడకి కాలక్షేపం" అంటాడు. ఆ కాలక్షేపం చేసే చేతులే అతని స్లైడ్స్ చేస్తాయి, అతని రిపోర్టులు టైపు చేస్తాయి. వాటికి మాత్రం ఇంట్లో పేరే లేదు.

ఈ ఆర్డరు సరిగ్గా వెళ్తే ఒకటో తేదీ నుంచి నమూనాల గది తాళం నీదేనని కర్మాగారం యజమానురాలు చెప్పింది. సొంత గది, సొంత బల్ల, నెల జీతం. ఆ సంగతి ఆమె ఇంట్లో ఇంకా చెప్పలేదు. పని పంపేశాక చెప్పాలనుకుంది. అన్ని సైజులూ గీయడం అయిపోయింది. ఈ పూట చివరిసారి సరిచూసుకుని పంపడమే మిగిలింది.

ప్రోగ్రాం కోసం వెతికింది. ఫైళ్ళున్నాయి, ఎక్కడివక్కడే ఉన్నాయి. తెరవబోతే మాత్రం దేనితో తెరవాలో తెలియదంది కంప్యూటర్. దాచిపెట్టుకున్న ఆ ప్రోగ్రాం పాత సెటప్ నడిపింది. ఈ వెర్షన్‌లో ఇది పనిచేయదని ఒక చిన్న పెట్టె వచ్చింది. పాత వెర్షన్‌లో ఉన్నట్టు నటించే సదుపాయం ఒకటుంటుంది, అదీ పెట్టి చూసింది. మళ్ళీ అదే పెట్టె. ప్రోగ్రాం తయారుచేసిన కంపెనీ సైటుకి వెళ్తే అక్కడ ఖాళీ పేజీ. ఆ కంపెనీ మూతపడి చాలాకాలమైంది.

ఫోన్ మోగింది. కటింగ్ మాస్టరు.

"అమ్మా, గుడ్డ పరిచేశాం. పొరమీద పొర, బల్ల నిండిపోయింది. నువ్వు పంపడమే తరువాయి, కత్తి పెట్టేస్తా."

"కంప్యూటర్ ఇబ్బంది పెడుతోంది మాస్టారూ."

"నీకే ఇబ్బందైతే ఇంక మాకెవరమ్మా దిక్కు! మేడమ్ ఇప్పటికే రెండుసార్లు వచ్చి చూసి వెళ్ళింది. మధ్యాహ్నం భోజనాల దాకా ఆపగలను. ఆ పైన బయట ఇంకెవరికైనా ఇచ్చేస్తానంటుంది. ఆవిడ సంగతి తెలిసిందేగా."

ఆమె భర్తకి ఫోన్ చేసింది.

"నా నమూనాల ప్రోగ్రాం పోయిందండీ."

"అదా? కొత్త వెర్షన్‌కి పడలేదేమో. వేరే దేంట్లోనైనా గీసెయ్."

"వేరే దేంట్లోనూ ఆ ఫైళ్ళు తెరుచుకోవు. ఇవాళే పంపాలి."

"ఇవాళే అంటే ఎలా? రేపు చూద్దాం, నేనొచ్చాక. నువ్వు మాత్రం ఏమీ కెలక్కు. సాయంత్రం నా మీటింగ్ పాడవుతుంది. డిస్కులో చోటు చాలట్లేదని ఎర్రగా వస్తోంది కదా, దానికి తమ్ముణ్ణి రమ్మన్నా. వాడు చూసుకుంటాడు."

మరిది పక్క వీధిలో ఫోన్లు అమ్మే దుకాణంలో పనిచేస్తాడు. చిన్నప్పుడు ఇంట్లో రేడియో విప్పి మళ్ళీ బిగించలేకపోయాడు. అప్పటినుంచీ అందరూ అతన్ని "ఇంజినీరు" అంటారు. ఆ పిలుపులో వెక్కిరింపుందని అతనొక్కడికే తెలియదు. వస్తూనే చెప్పులు గుమ్మంలో విసిరి, కుర్చీ లాక్కుని, ఆమె అప్పటిదాకా కూర్చున్న కుర్చీనే, కూర్చున్నాడు.

"టీ ఏమైనా ఉందా వదినా?"

ఉంది. ఇచ్చింది. అతను ఒక చేత్తో గ్లాసు, ఒక చేత్తో మౌసు పట్టుకున్నాడు. అత్తగారు బల్లకి అవతలి వైపు కూర్చుని చిక్కుళ్ళకి ఈనెలు తీస్తోంది.

"నా ప్రోగ్రాం తిరిగి తెప్పించగలవేమో చూడు ముందు" అంది ఆమె.

"దాన్ని కొత్త వెర్షనే తీసేసింది వదినా. ఎక్కించేటప్పుడు అడుగుతుంది. ఇదిగో ఈ ప్రోగ్రాం కొత్తదాంట్లో నడవదు, తీసేస్తున్నా, సరేనా అని. సరే అని కొట్టాకే ముందుకెళ్తుంది. అన్నయ్య కొట్టుంటాడు."

"అడుగుతుందా?"

"అడక్కుండా ఎలా తీసేస్తుంది?"

అత్తగారు తల ఎత్తకుండానే అందుకుంది. "అడిగింది అడిగింది. నిన్న సాయంత్రం నేనిక్కడే కూర్చునున్నా. వాడు నాకు చదివి వినిపించాడు కూడా. 'అమ్మా, గౌన్ల బొమ్మలది తీసేయాలంటోంది, తీసేయనా' అన్నాడు. నాకేం తెలుసు నా మొహం! దాంతో ఏం పనిరా, నీ మీటింగ్ ముఖ్యం గానీ, తీసెయ్ అన్నా."

"నన్నడగలేదు" అంది ఆమె.

"నువ్వు పనిలో ఉన్నావుగా అమ్మాయ్. వాడికి చపాతీలు వత్తుతున్నావు. మళ్ళీ నిన్నెందుకు కదపడం అని."

ఆమె వంటింటి వైపు చూసింది. పొయ్యి ఇక్కడికి కనిపిస్తూనే ఉంది. అక్కడ నిలబడి వత్తుతుంటే ఇక్కడ కుర్చీ జరిపిన చప్పుడు కూడా వినిపిస్తుంది. నిన్న సాయంత్రం తల్లీ కొడుకుల మాటలు వినిపించాయి, ఏదో మాట్లాడుకుంటున్నారనుకుంది. "ఇంకొకటి వెయ్యి" అని అతను కేకేస్తే మాత్రం స్పష్టంగా వినపడింది, వేసింది. కోపం వస్తుందేమోనని ఆమె తనలోకి తాను చూసుకుంది, ఎవరో పక్కింటావిడని గమనించినట్టు. కోపం రాలేదు. ఏదో లెక్క తేలుతున్నట్టు మాత్రం ఉంది. పెళ్ళైన కొత్తలో ఆమె చేస్తున్న ఉద్యోగం మానేస్తుందని ఇంటిల్లిపాదికీ చెప్పుకున్నాక ఆమెకి చెప్పారు. బిడ్డని ఏ బళ్ళో వేయాలో పెదమామగారితో మాట్లాడి వచ్చి చెప్పారు. ఆమె కుట్టు మిషను ఆడపడుచు ఇంటికి వెళ్ళిపోయిన సంగతి, దాని కింద ఇన్నాళ్ళూ పేరుకున్న దుమ్ము తుడవాల్సి వచ్చినప్పుడు తెలిసింది. ఒక్కసారీ ఎవరూ ఆమె మీద గొంతు పెంచలేదు. ఆమెని బాధపెట్టాలని ఎవరూ అనుకోలేదు. అసలు ఆమె దాకా ఆలోచన రాలేదు, అంతే. ఇది తెలుసుకోవడానికి ఇన్నేళ్ళు పట్టిందేమిటా అని ఆమెకి చిన్నగా ఆశ్చర్యం వేసింది.

"దొరికింది దొంగ!" అన్నాడు మరిది. "చోటంతా ఇదే మింగింది వదినా. పాత వెర్షన్ మొత్తం ఒక ఫోల్డర్‌లో అలాగే పెట్టి ఉంచింది. ఇది ఎగరగొడితే డిస్కు ఖాళీ."

"ఎందుకు ఉంచుతుంది?"

"కొత్తది నచ్చకపోతే వెనక్కి వెళ్ళడానికి. కొన్నాళ్ళుంచి అదే పారేస్తుంది. అయినా ఎవరెళ్తారు వెనక్కి?"

మౌసు కదిలింది. శాశ్వతంగా తొలగించాలా అని తెర అడిగింది. మరిది వేలు బటన్ మీద ఉంది.

"ఆగు."

ఆ గొంతు పెద్దదేం కాదు. కానీ మరిది వేలు ఆగింది, అత్తగారి చేతిలో చిక్కుడుకాయ ఆగింది.

"వెనక్కి వెళ్తే నా ప్రోగ్రాం వస్తుందా?"

"వస్తుంది..." మరిది తల గోక్కున్నాడు. "రావాలి. అందులోనే ఉంటుంది మరి. కానీ వదినా, అన్నయ్య పొద్దున్న ఎక్కించుకున్న మీటింగ్ ప్రోగ్రాం పోతుంది. నన్ను తంతాడు."

"నిన్నెందుకు తంతాడు? లే."

"ఊఁ?"

"కుర్చీలోంచి లేవయ్యా."

అతను గ్లాసుతో సహా లేచాడు. ఆమె కూర్చుంది. వద్దు అని నొక్కింది. తన ఫైళ్ళని విడిగా పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి దాన్ని పీకి కొంగుకి ముడేసుకుంది. భర్త స్లైడ్స్ అతని మెయిల్‌కి పంపి, అతనికి ఫోన్ చేసింది.

"ఏమండీ, కంప్యూటర్‌ని పాత వెర్షన్‌కి తీసుకెళ్తున్నాను. సాయంత్రం మీటింగ్ ఆఫీసులోనే కూర్చుని పెట్టుకోండి."

"ఏంటీ? పిచ్చా నీకు? అమ్మకివ్వు ఫోను."

"అత్తయ్య చిక్కుళ్ళు ఒలుస్తున్నారు. నేనే చెప్తున్నాను కదా."

"ఒక మాట నన్నడగాలా వద్దా? ఇంట్లో ఉన్నది ఒక్క కంప్యూటరు. నీ ఇష్టమొచ్చినట్టు..."

"ఫోన్ చేసింది అడగడానికి కాదండీ, చెప్పడానికి. స్లైడ్స్ మీ మెయిల్‌కి పంపించేశాను. అక్షరాలు మీరే పెద్దవి చేసుకోండి, కష్టమేం కాదు."

అవతల ఇంకా ఏదో అంటున్నాడు. ఆమె ఫోను పెట్టేసి కటింగ్ మాస్టరుకి చేసింది.

"మాస్టారూ, భోజనాలయ్యేసరికి వస్తాయి. రాకపోతే ఫైళ్ళు పట్టుకుని నేనే వచ్చేస్తాను. మీ దగ్గరి పాత కంప్యూటర్‌లో ఆ ప్రోగ్రాం ఉంది కదా, అక్కడ కూర్చుని సరిచూస్తా. నమూనాల గది తాళం ఇంకెవరికీ ఇవ్వద్దని మేడమ్‌కి చెప్పండి. ఒకటో తేదీన వస్తున్నాను."

"ఏం తాళం? ఏం ఒకటో తేదీ?" అంది అత్తగారు.

"ఉద్యోగం అత్తయ్యా."

"వాడితో చెప్పావా?"

"చెప్తాను. మీకే ముందు తెలిసింది."

అత్తగారు ఒలిచిన కాయనే మళ్ళీ ఒలవబోయింది. ఆమె సెట్టింగుల్లోకి వెళ్ళి, వెనక్కి వెళ్ళే చోటు వెతికి నొక్కింది. కంప్యూటర్ వెంటనే కదల్లేదు. కాసేపు గిర్రున తిరిగి, నీలం రంగు పెట్టె ఒకటి తెరిచింది.

మీరు ఎందుకు వెనక్కి వెళ్తున్నారు?

కింద వరసగా కారణాలు. నా ప్రోగ్రాములు పనిచేయడం లేదు. పాతదే వాడటం తేలికగా ఉంది. కొత్తది నెమ్మదిగా ఉంది. ఇతర కారణం. చివరిదాని కింద రాసుకోవడానికి ఖాళీ చోటు.

"ఏదో ఒకదాని మీద టిక్కు కొట్టెయ్ వదినా" అన్నాడు మరిది వెనక నిలబడి. "అందరూ అంతే."

ఆమె ఆ ప్రశ్నని ఇంకోసారి చదివింది. మొదటి కారణం నిజమే. దాని మీద టిక్కు పెట్టి ముందుకెళ్ళొచ్చు. కానీ కర్సరు కిందికి, ఖాళీ చోట్లోకి వెళ్ళింది. కీబోర్డు దగ్గరికి లాక్కుని, అక్షరం అక్షరం చూసుకుంటూ, తన చంక గీతలు గీసుకున్నంత నిదానంగా రాసింది.

నా పని తీసేసేముందు నన్ను అడగలేదు.

మరిది వంగి, పెదాలు కదుపుతూ పైకే చదివాడు. గదిలో ముగ్గురికీ వినిపించింది.

"ఇవన్నీ అక్కడ ఎవరూ చదవరు వదినా."

"ఇక్కడ చదివారుగా" అని ఆమె బటన్ నొక్కింది.